ఇరవై ఏడు పండ్ల చాకు

ఎర్రగుంట్ల,
19-1-1954.

అన్నకు దాసు నమస్కారాలు. వదినకు కూడా చెప్పు.

ఇక్కడ మేము బాగానే ఉన్నాము. తిరుపతమ్మ దగ్గు ఒక్కటే తగ్గలేదు. బండల దుమ్ము పడని దాన్ని తెచ్చి బండల ఊర్లో కాపురం పెట్టించావని రోజూ నన్ను తిడుతుంది. నేను లారీల మీద బండలు ఎత్తేవాణ్ణే కానీ ఊరు కట్టినవాణ్ణి కాదు కదా.

ఈ ఉత్తరం తెచ్చే బస్సు క్లీనరు ఇమాం బాషా చేతికే నా చాకు కూడా ఇచ్చాను. గుడ్డలో చుట్టి నారతో కట్టాను, చూసుకో. రెండేళ్ళ కింద మామూలు మడత చాకుకు కొడవలికి కొట్టినట్టు ఇరవై ఏడు పండ్లు కొట్టి ఇచ్చావు. "తాళ్ళు కోసేవానికి నున్నటి చాకు యాడ పనికొస్తాదిరా" అన్నావు. నిజమే, బండలు కట్టిన తాడు ఎంత లావున్నా మూడు లాగులకు తెగేది. ఇప్పుడు ఎనిమిది సార్లు లాగినా పీచు లేస్తుందే కానీ తెగదు. కొస వైపు పండ్లు అయిదారు గుండ్రంగా అరిగిపోయినాయి.

ఇక్కడ సంతలో సాన పట్టే మనిషి ఉన్నాడు. "ఇట్లియ్యప్పా, ఒక్క తిప్పుకు తళతళలాడిస్తా" అని చేయి చాపినాడు. నేను ఇవ్వలేదు. చక్రానికి తగిలితే పండ్లు పోతాయని నువ్వు చెప్పింది మరిచిపోలేదు. ఎంత ఆలస్యమైనా నీ చేతి మీదే కావాలి.

ఆలస్యం అన్నానని నెల పెట్టుకోవద్దు. రెండు రోజులుగా ఇక్కడ పని నిలిచిపోయింది. ఎందుకో వచ్చినప్పుడు చెప్తాను. ఈ సందులో సరిచేసి పంపితే మేలు. కర్నూలు రాజధాని అయినాక అక్కడికి నాప బండలు చాలా పోతున్నాయి. అక్కడే ఉండి దింపించుకునే పని ఇస్తామంటున్నారు. దుమ్ము తక్కువని తిరుపతమ్మ ఇప్పటికే మూట కట్టుకొని కూర్చుంది. నువ్వేమంటావో రాయి.

నీ తమ్ముడు,
దాసన్న


వేంపల్లె,
22-1-1954.

చిరంజీవి దాసుకు, తిరుపతమ్మకు మా ఇద్దరి దీవెనలు.

చాకు చేరింది. ఇమాం బాషా బస్సు దిగే ఓపిక లేక కిటికీలోంచి కొలిమి ముందుకు విసిరిపోయినాడు. ఎవరో రాయి వేసినారని మీ వదిన వీధిలోకి పోయి అందరినీ తిట్టి వచ్చి, తరువాత మూట చూసింది.

విప్పి చూడగానే నీ మీద కోపం వచ్చింది. అరగడం ఒక్కటే కాదు, రెండు పండ్ల మొనలు చిట్లి ఉన్నాయి. తాడు కోయమని ఇస్తే తాడు కింది బండను కూడా కోస్తావా? జొన్న కోతలు మొదలైనాయి. ఊర్లో ఉన్న కొడవళ్ళన్నీ నా ముందే ఉన్నాయి. పండ్లు కొట్టి కొట్టి భుజం పడిపోతోంది. తిత్తి ఊది ఊది మీ వదిన ముఖం మసిబొగ్గయింది. నీ చాకు వాటి నడుమ దూరింది, దాని వరుస వచ్చేదాకా ఓపిక పట్టు.

అది ఒక పూటలో అయ్యే పని కాదు. ఒక్కో పంటి సందుకూ సరిపడే సన్నటి గుండ్రటి ఆకురాయి తీసుకొని, పంటి వాలు ఎటుంటే అటే తోయాలి. నాలుగు తోపులు, అయిదోది అక్కర లేదు. అప్పుడు వెనక చదునుగా ఉన్న వైపు వెంట్రుకంత ఇనుము లేస్తుంది. కంటికి కనపడదు, బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. ఆ వైపు నున్నటి రాయికి ఆనించి ఒక్కసారి లాగితే రాలిపోతుంది. ఇరవై ఏడింటికీ ఇదే పని. నాయన ఉంటే అరపూటలో ముగించేవాడు, నాకు రెండు పూటలు.

ఒక సంగతి అడగాలి. పండ్ల సందుల్లో ఎర్రగా ఏదో ఎండి పట్టుకొని ఉంది. తుప్పు కాదు, గోరుతో గీస్తే పొడిగా రాలింది. మడత లోపల కూడా ఉంది. ఏం కోశావురా, మాకెవరికీ చెప్పకుండా పొట్టేలునా? వేణ్ణీళ్ళలో నానబెట్టి కడిగేశాను. పనిముట్టును అంత మురికిగా పెట్టుకుంటే నాయన చెవి మెలిపెట్టేవాడు.

కర్నూలు సంగతి తొందరపడవద్దు. డేరాలు వేసుకొని ఆఫీసులు నడుపుకుంటున్న ఊర్లో నీకు ఇల్లెవరు చూపిస్తారు? పని ఎందుకు నిలిచిందో రాయలేదు. మేస్త్రితో మళ్ళీ నోరు చేసుకున్నావా? చిన్నప్పుడు సుత్తి విసిరి నా నుదుట మచ్చ పెట్టినవాడివి, నీ కోపం నాకు కొత్త కాదు. నోరు అదుపులో పెట్టుకో.

అన్న,
కంబన్న


కడప జైలు,
2-2-1954.

అన్నా,

నీ ఉత్తరం చేతికి వచ్చిన మరునాడే నన్ను పట్టుకొచ్చినారు. ఈపాటికి విని ఉంటావు. మా పుల్లప్ప మేస్త్రిని ఎవరో గొంతు కోసి బండల గుట్ట పక్కన వేసిపోయినారు. నేను నీకు చాకు పంపడానికి రెండు రోజుల ముందు సంగతి. పని నిలిచింది అందుకే. వదిన భయస్తురాలు, ఉత్తరంలో చదివి తిండి మానేస్తుందని రాయలేదు. అంతకు నాలుగు రోజుల ముందు నేనూ మేస్త్రీ గొడవపడింది నలుగురూ చూసినారు.

ఈ కాగితాన్ని బయటికి పంపేముందు ఇద్దరు చదువుతారు. మేస్త్రి చుట్టాలకు స్టేషన్లో పలుకుబడి ఉంది. అందువల్ల అన్నీ రాయలేను. చాకు నీ దగ్గర ఉంది, అదొక్కటే నాకు ధైర్యం. ఆ పండ్లు కొట్టింది నువ్వు. అవి ఎట్లాంటివో ఈ జిల్లాలో నీకంటే తెలిసినవాడు లేడు. వాటి మాట ఎవరి దగ్గరా ఎత్తవద్దు. మిగిలింది నీకే తోస్తుంది.

తిరుపతమ్మ జమ్మలమడుగులో పుట్టింటికి పోయింది. దాన్ని నెలకొకసారి రానిస్తారట, అదీ పక్కన వార్డరు నిలబడి ఉండగా. రాగి సంకటి పెడుతున్నారు. వదిన చేతి సంకటి కాదు కానీ ఆకలికి పోతుంది.

దాసు


వేంపల్లె,
9-2-1954.

దాసూ,

నీ సంగతి చెప్పడానికి మనిషి వచ్చినప్పుడు నేను కర్రు ఎర్రగా కాల్చి పట్టుకొని ఉన్నాను. పట్టకారు జారి అది కాలి మీద పడింది. పాదం అంతా పుండయింది, గడప దాటలేను. లేకుంటే ఆ రోజే కడపలో ఉండేవాణ్ణి. మీ వదిన నీ పేరు ఎత్తితే చాలు, తిత్తి వదిలేసి లోపలికి పోతుంది.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివాను. అర్థమైంది. ఆ రోజూ మరునాడూ ఎవరి కొడవలీ ముట్టలేదు. నీ చాకు పని పూర్తి చేశాను. దాన్ని గురించి నువ్వు ఇక ఆలోచన పెట్టుకోవద్దు.

ఆదివారం పోలీసులు వచ్చి చాకు అడిగినారు. వెంటనే తెచ్చి ఇచ్చాను. ఇద్దరు పెద్దమనుషులను పిలిపించి, వాళ్ళ ముందు కాగితం రాసి, చాకును గుడ్డలో కట్టి లక్కముద్ర వేసి తీసుకుపోయినారు. కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. వాళ్ళు ఏది అడిగినా తడుముకోలేదు. జమేదారు నా ముఖం చాలాసేపు చూసినాడు, నేనూ ఆయన ముఖం అట్లే చూశాను.

నాయన పోయేటప్పుడు నీ చేయి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. అది నేను మరిచిపోను. ఏం జరిగిందో నిన్ను అడగను, ఎన్నడూ అడగను. నువ్వూ చెప్పవద్దు. ధైర్యంగా ఉండు, వేళకు తిను.

అన్న


కడప జైలు,
3-3-1954.

అన్నా,

ఈ ఉత్తరం ఎవరూ చదవలేదు. మా ప్లీడరు గుమాస్తా తన సంచిలో పెట్టుకొని నేరుగా నీ ఇంటికి తెస్తున్నాడు. నెల రోజులుగా కడుపులో పెట్టుకున్నది అంతా ఇప్పుడు రాస్తాను.

ముందు గొడవ సంగతి. ఏసేపు అని నాతో పాటు బండలు ఎత్తేవాడు. మేస్త్రి చివికిపోయిన తాడు కట్టించినాడు. అది తెగి బండ జారి ఏసేపు పాదం నుజ్జయింది. ఆ మరునాడు మళ్ళీ అదే తాడు ముడి వేయించి కట్టమన్నాడు. నేను చాకు తీసి ఆ తాడును అందరి ముందు మూడు ముక్కలు చేశాను. చాకు చేతిలో ఉండగానే "ఇంగోసారి ఈ తాడు కట్టిస్తే తెగేది తాడు కాదు మేస్త్రీ" అన్నాను. అనకూడని మాటే. నా నోరు నీకు తెలుసు. నేను చేసింది అంతే. ఆయనను చంపింది ఎవరో దేవునికి ఎరుక. ఆయనకు శత్రువులు ఒకరిద్దరు కాదు.

నువ్వు ఎరుపు అని రాశావే, అది జాజు. బండల మీద కొలతలు ఆ ఎర్రమట్టితోనే గీస్తారు. ఆ పాత తాడు జాజు తొట్టిలో పడి నాని ఉండింది. దాన్ని కోసినప్పుడు పట్టుకుంది.

ఇప్పుడు అసలు మాట. డాక్టరు కాగితం ప్లీడరు తెప్పించి చదివినాడు. మేస్త్రి మెడ మీద ఒకటే కోత, అంచులు దారం పట్టి గీసినట్టు ఉన్నాయట. ఎక్కడా చీలిక లేదు, పీకిన గుర్తు లేదు. నున్నటి అంచు కత్తి అని డాక్టరే రాసినాడు. పండ్ల చాకుతో అట్లాంటి కోత పడుతుందా? కొడవలి తగిలిన గాయం ఎట్లుంటుందో మనకు తెలియదా, గుడ్డ చించినట్టు ఉంటుంది. ఇది నాకు స్టేషన్లో ఉన్న రోజే తోచింది. శవాన్ని చూసినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. వెంటనే చాకు నీ దగ్గర ఉందని గుర్తొచ్చి ప్రాణం లేచి వచ్చింది. కానీ పండ్లే నన్ను కాపాడుతాయని కాగితం మీద రాస్తే, మేస్త్రి మనుషులు ముందు చాకునే మాయం చేయిస్తారు. అందుకే తిప్పి తిప్పి రాశాను. వేరే అన్న అయితే అర్థం చేసుకోలేడు. నువ్వు పండ్లు కొట్టేవాడివి కాబట్టి చెప్పకనే తెలుసుకున్నావు.

పెద్దమనుషుల ముందు ముద్ర వేయించి ఇచ్చావని ప్లీడరుకు చెప్తే "మీ అన్న తెలివైనోడప్పా" అన్నాడు. ఇప్పుడు ఆ చాకును మాయం చేయడం ఎవరి వల్లా కాదు. తోటి కూలీలు చాకు చూశాము, పండ్లు చూడలేదు అంటున్నారు. మేస్త్రి చుట్టాలంటే వాళ్ళకు భయం. ఏసేపు చెప్పేవాడే, వాణ్ణి కుంటికాలితో కర్నూలు వైపు ఎవరో తీసుకుపోయినారు, జాడ లేదు. పోనీ. చాకు ఉంది కదా. జడ్జి ముందు ముద్ర విప్పితే చాలు. పోలీసుల కాగితంలో పండ్లు ఎన్నో రాయించావా అని ప్లీడరు అడిగినాడు. గుమాస్తాకు చెప్పి పంపు.

ఏం జరిగిందో అడగను అని రాశావు చూడు. ఆ ముక్క చదివి నేను ఏడ్చాను. జైల్లో అందరూ నన్ను అదే అడుగుతారు, చేశావా, ఎట్లా చేశావు అని. కట్టుకున్నది కూడా వార్డరు పక్కనుండగా కళ్ళతో అడిగింది. నువ్వొక్కడివే అడగలేదు. వేసవి నాటికి ఇంటికి వస్తాను, కర్నూలు పోము, నీ దగ్గరే తిత్తి ఊదుతాను.

నీ దాసు


వేంపల్లె,
4-3-1954.

దాసూ,

గుమాస్తా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మీ వదిన పెట్టిన అన్నం తినడం అయిపోయింది. నేను రాసి ఇస్తే పోవాలని చూస్తున్నాడు. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఎట్లా రాసినా ఒకటే కాబట్టి రాస్తున్నాను.

ఆ చాకుకు పండ్లు లేవు. నేను తీసేశాను.

నీ జైలు ఉత్తరం వచ్చేసరికి నేను వేరే విధంగా అనుకొని ఉన్నాను. నువ్వు మేస్త్రి మీదికి చాకు ఎత్తినావని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పినారు. ఆయన పోయిన రెండో రోజుకు చాకు నాకు పంపించావు. పని ఎందుకు నిలిచిందో రాయలేదు. సందుల్లో ఎరుపు ఉంది. కడిగినది నేనే. నీ సంగతి తెలిసిన రోజు నాకు ఆ వేణ్ణీళ్ళే గుర్తొచ్చినాయి. తరువాత నీ ఉత్తరం, పండ్ల మాట ఎవరి దగ్గరా ఎత్తవద్దని. వేంపల్లె నుంచి ఎర్రగుంట్ల దాకా పండ్లున్న మడత చాకు నీదొక్కటే. ఆ పండ్లే నిన్ను పట్టిస్తాయని, అందుకే తీసేయమంటున్నావని అనుకున్నాను.

బావిలో వేద్దామనుకున్నాను. చాకు కనపడకపోతే అనుమానం ఎక్కువవుతుందని మానుకున్నాను. పెద్ద సాన మీద పెట్టాను. నేను ఎవరినీ పెట్టనీయని పని, నీ సంతలోవాడు చేస్తానన్న పని. పండ్లు లోతుగా కొట్టాను కదా, రెండు రోజులు పట్టింది. చాకు అలుగు సగానికి సగం సన్నబడింది. తరువాత నున్నటి రాయి మీద నూనె వేసి అంచు తీశాను. వెంట్రుక పెడితే తెగేటట్టు తీశాను దాసూ. పాతదిగా కనపడాలని బూడిదలో పెట్టి తీశాను. నా పనితనం అంతా దాని మీద చూపించాను. "ఏంటికి ఇంతగా పడతాండావు దాని మీద" అని మీ వదిన అడిగింది.

పోలీసులు ఇది ఎప్పటినుంచీ ఇట్లే ఉందా అని అడిగినారు. ఇట్లే ఉంది, నా చేతులతో నేనే కొని ఇచ్చాను, ఏమీ మార్చలేదు అని చెప్పాను. అదే రాసుకున్నారు. దాని కిందనే నా సంతకం.

నీ ఉత్తరం చదివి గుమాస్తాతో అన్నాను, చాకు ఒక్క రోజు ఇప్పించండి, మళ్ళీ పండ్లు కొడతాను అని. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసినాడు. అది కోర్టు ముద్రలో ఉందట. పండ్లు కొట్టేటంత ఇనుము కూడా దానికి మిగల్లేదు.

అడగను అని నేను రాసింది నువ్వు చదువుకున్న విధంగా కాదు. అడిగితే చేశానని చెప్తావేమో, అది నా చెవులతో వినలేనని రాశాను. నిన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కాలు కాలినా బండి కట్టించుకొని వచ్చి ఉండవలసింది. నాకు ఏమీ తోచడం లేదు. ఏం చేయమంటే అది చేస్తాను.

కంబన్న


కడప జైలు,
25-3-1954.

అన్నకు,

ఉత్తరం ముట్టింది. మూడు వారాలు దీనికి జవాబు రాయలేకపోయాను.

ప్లీడరు నీ ఉత్తరం రెండుసార్లు చదివినాడు. తరువాత దారి ఒకటే ఉందన్నాడు. నువ్వు కోర్టుకు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. దానికి నీ మీద కేసు పెట్టినా పెట్టవచ్చు. వస్తావో రావో నీ ఇష్టం.

సుత్తి విసిరినప్పుడు నాకు ఏడేళ్ళు. నీకు దెబ్బ తగిలిందని నీకంటే ఎక్కువ నేను ఏడ్చాను. నాయన కొట్టలేదు, నా ఏడుపు చూసి. అది కూడా నీకు గుర్తుండాల్సింది.

కడిగింది జాజు. ఇంకోసారి చెప్తున్నాను.

దాసన్న


వేంపల్లె,
2-7-1954.

దాసూ,

నిన్ను మళ్ళీ చూడనిస్తారేమోనని తీర్పు తరువాత రెండు రోజులు జైలు గేటు ముందు కూర్చున్నాను. చూడనివ్వలేదు. రాజమండ్రి పంపించేశామన్నారు. అంత దూరం నీ పేరు మీద ఈ ఉత్తరం పోతుందో లేదో తెలియదు.

బోనులో నిలబడినప్పుడు నేను నీ వైపు చూశాను, నువ్వు చూడలేదు. అంతా చెప్పాలనే వచ్చాను. పండ్లు కొట్టిన సంగతి చెప్పాను, తీసేసిన సంగతి చెప్పాను. నీ చాకులాంటిదే ఇంకొకటి కొని, దానికి ఇరవై ఏడు పండ్లు కొట్టి సంచిలో తెచ్చాను. దాన్ని చూడలేదు. ఇప్పుడు చేసిన దానితో పని లేదన్నారు. అవతలి ప్లీడరు నెమ్మదిగానే అడిగినాడు. ముందు సంతకం పెట్టింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అన్నాడు. అది అబద్ధమన్నాను. ఎందుకు అరగదీశావు అన్నాడు. "మా తమ్ముణ్ణి కాపాడుకుందామని సామీ" అన్నాను. "దేంట్లోంచి కాపాడేదానికి" అన్నాడు. నేను సంచి వైపు చూశాను. ఆయన ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. ఇంకొక ప్రశ్న వేసి ఉంటే ఏదైనా చెప్పేవాణ్ణి.

జడ్జి తీర్పులో ఆ మాటే చదివినాడు. తోడబుట్టినవాడే నువ్వు చేశావని నమ్మి సాక్ష్యం మాపడానికి చూసినాడని. ఉరి వేయకుండా యావజ్జీవం వేసింది దయ అన్నారు బయట. ఆ చాకును జడ్జి బల్ల మీద పెట్టినప్పుడు కిటికీ వెలుగు పడి అంచు మెరిసింది. అంత బాగా తీశాను. డాక్టరు దాన్ని పట్టుకొని చూసి, ఇట్లాంటి దానితోనే అన్నాడు.

అప్పీలుకు ప్లీడరు కాగితాలు తయారు చేస్తున్నాడు, ఆశ పెట్టుకోవద్దని కూడా ఆయనే అంటున్నాడు. నా మీద కేసు పెట్టలేదు. పెడతారని పక్కబట్టలు కూడా సర్దుకొని ఉన్నాను. ఎవరూ రాలేదు. తిరుపతమ్మను తీసుకొద్దామని జమ్మలమడుగు పోయాను. మంచినీళ్ళు ఇచ్చింది. మా ఇంటికి రానంది. నా చేతులకేసి చూసి లోపలికి పోయింది.

కొలిమి చల్లారి నెలయింది. కొడవళ్ళు తెచ్చినవాళ్ళను వేరే ఊరికి పొమ్మంటున్నాను. ఆకురాళ్ళు మూటకట్టి అటక మీద పెట్టేశాను. ఇప్పుడు నేను నమ్ముతున్నానని రాస్తే నీకు ఎట్లుంటుందో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. నువ్వు చేయలేదు. ఒక్క ముక్క జవాబు రాయి. తిట్టు, అయినా రాయి.

అన్న


రాజమండ్రి సెంట్రల్ జైలు,
17-10-1954.

అన్నా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆ తరువాత నువ్వు రాసిన రెండూ కూడా వచ్చినాయి. అప్పీలు కొట్టేసినారని మొన్న చెప్పినారు. ఇక ఎదురుచూసేది ఏమీ లేదు కాబట్టి కూర్చొని రాస్తున్నాను.

ఇక్కడ వానలు ఎక్కువ. గోడ అవతల గోదారి ఉందట, చూడలేదు. మన వైపు మనుషులు ఇద్దరే ఉన్నారు. నేను మాట్లాడితే మిగిలినవాళ్ళు నవ్వుతారు. కమ్మరి కులమని తెలుసుకొని తోట పని సామాన్ల కొట్టంలో వేసినారు. గడ్డి కోసే కొడవళ్ళకు పండ్లు పెడుతున్నాను. ఆకురాయి లెక్క పెట్టి ఇచ్చి లెక్క పెట్టి తీసుకుంటారు. నాలుగు తోపులు, వెనక ఒక్క లాగు, నువ్వు చెప్పిన ప్రకారమే. బొటనవేలితో తడిమి చూసుకునేటప్పుడు నువ్వు గుర్తొస్తావు. ఆ పూట నేను అన్నం తినను. నీ మీద కోపం పోయిందని రాయలేను. పోలేదు. తెల్లారి లేచేటప్పటికి అది ఉంటుంది.

వదినను బాగా చూసుకో. కొలిమి మళ్ళీ వెలిగించు. నువ్వు పస్తులుంటే నాకు ఇక్కడ ఒక్క రోజు కూడా తగ్గదు. తిరుపతమ్మను పదే పదే పోయి అడగవద్దు. దానికి ఇంకా ఇరవై రెండేళ్ళే, ఎవరినైనా చేసుకోవాలంటే అడ్డం రానని వాళ్ళ నాయనకు రాశాను. ఆ రెండో చాకు ఉంచుకోవద్దు, పండ్లతో పాటే కాల్చి కొట్టి ఏదైనా నాగలి కర్రుకు వేసెయ్.

ఒక సంగతి మాత్రం నాకు ఇక్కడికి వచ్చినాక తోచింది. నిన్ను అడగలేదని నువ్వు ఏడుస్తున్నావు. నేనూ చెప్పలేదు. కడప నుంచి రాసిన ఆ మొదటి ఉత్తరంలో మేస్త్రి ఎట్లా చచ్చినాడో రాశాను, గొడవ రాశాను, సంకటి సంగతి రాశాను. నేను చేయలేదు అనే ముక్క రాయలేదు. ఇద్దరు చదివినా ఆ ముక్కను ఎవరూ కొట్టేసేవాళ్ళు కారు, జైల్లో అందరూ రాసేదే అది. కాగితంలో చోటు కూడా ఉంది. నీకు అది రాయాలని నాకు తోచనే లేదు.

నేను చేయలేదన్నా.

దాసు